కందుకూరు బావిలో నా సముద్ర శిక్షణ

సముద్రం ఏ దిక్కున ఉంటుందో కూడా సరిగ్గా తెలియని, శంషాబాద్ పక్కనున్న సాతంరాయిలో కూర్చుని, ఓడ ఉద్యోగానికి తయారవుతూ, కన్నతల్లిని చర్చి సంఘం అందరి ముందూ అబద్ధాలకోరుగా నిలబెట్టబోయిన ఘనత నాది. ఇందులో ప్రాణనష్టం ఏమీ లేదు. పరువు నష్టం మాత్రం మా కుటుంబం మొత్తానికీ సరిపడా ఉంది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంటర్ పాసై, ఓడల్లో పనిచేసేవాళ్ళకు ఇచ్చే ఆరు నెలల శిక్షణకు దరఖాస్తు పెట్టాను. మా బాపు ఎయిర్‌పోర్టులో ప్రయాణికులను విమానం మెట్ల దాకా దింపే బస్సు నడుపుతాడు. ఇన్నేళ్ళుగా ఆయన ఆ మెట్ల దగ్గరే ఆగిపోతున్నాడు. ఆకాశం మా వంశానికి కలిసిరాదని తేలిపోయింది కాబట్టి నేను నీళ్ళ మీద పడ్డాను.

దరఖాస్తులో ఒకచోట "ఈత వచ్చునా?" అని అడిగి, పక్కన నాలుగు గళ్ళు ఇచ్చారు. రాదు, కొద్దిగా, బాగా, చాలా బాగా. ఓడ ఎక్కుతానన్న మనిషి "రాదు" అని రాస్తే ఏం మర్యాదగా ఉంటుంది? "కొద్దిగా" అంటే మునిగేదాకా వచ్చు అన్నట్టుంది. అమ్మ పక్కన కూర్చుని చూస్తుండగానే "చాలా బాగా" దగ్గర టిక్కు పెట్టాను. అప్పటివరకు నేను దిగిన నీళ్ళలోకెల్లా లోతైనవి, వానాకాలంలో మా ఇంటి ముందు రోడ్డు మీద నిలిచేవి.

సీటు వచ్చింది. దాంతోపాటు ఒక షరతు కూడా వచ్చింది. నెల రోజుల్లో, వాళ్ళు పంపే పరీక్షాధికారి ముందు యాభై మీటర్లు ఈది చూపించాలి. చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

అమ్మ ఆ ఉత్తరంలో మొదటి వాక్యం మాత్రమే వింది. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం రాగానే లేచి మైకు దగ్గరికి నడిచింది. మా సంఘంలో సాక్ష్యం అంటే మేలు జరిగిన తర్వాత చెప్పుకునేది. అమ్మకు అంత ఓపిక లేదు.

"దేవునికి స్తోత్రం. మా ఎస్తేరుకు ఓడల సీటొచ్చింది. ఈతల గూడ పాసైంది. నీళ్ళల్ల ఇడిస్తే చేప లెక్క పోతది నా బిడ్డ" అంది.

సంఘమంతా "ఆమెన్" అంది. పాస్టరు అయ్యగారు కళ్ళు మూసుకుని, ఆ చేప కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. ఆ చేప నాలుగో వరుసలో తల దించుకుని కూర్చుని ఉంది.

ఇంటికి వచ్చాక నిజం చెప్పాను. "అమ్మా, నాకు ఈత రాదే."

"మరి కాయితంల చాలా బాగ వస్తదని రాస్తివి గద?"

"రాసిన."

"నువ్వు రాసినవనే నేను చెప్పిన. ఇగ నేర్చుకో."

"పోయి తప్పైందని చెప్పరాదా?"

"సాక్ష్యం చెప్పినంక ఎవరన్న ఎన్కకు తీసుకుంటరా? మైకుల చెప్పిన నేను. మైకుల!"

నాకు అప్పుడు నిజంగా భయం వేసింది. సీటు పోతే నేను నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటాను. అమ్మ మాత్రం బతికినన్నాళ్ళు ఆ సంఘంలోనే కూర్చోవాలి. ఆ తలుపులోంచే రావాలి, ఆ మనుషుల మధ్యే పాట పాడాలి.

మా ఇంటికి బస్సు దూరంలో ఉన్న కందుకూరు దగ్గర మా అమ్మ తమ్ముడు దావీదు మామకు టమాట తోట, అందులో ఒక రాతికట్టు బావి ఉన్నాయి. గుండ్రటి పాతకాలం బావి. కిందిదాకా మెట్లు, నిండా నీళ్ళు. మరునాడే వెళ్ళి మామ ముందు నిలబడ్డాను. మామ నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఒక ఖాళీ నూనె డబ్బా తెచ్చి నా వీపుకు కట్టాడు. నడుముకు తాడు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"మునిగితే ఎట్ల మామా?"

"తాడున్నది గద."

"తాడు తెగితే?"

"బర్రెను గుంజిన తాడది. నువ్వెంత. దుంకు."

దూకాను. ఆ మొదటి వారం నేను తాగిన నీళ్ళకు మామ తోటలో రెండు మడులు తడిసేవి. రెండో వారానికి కాళ్ళు, చేతులు ఒకదాని మాట ఒకటి వినడం మొదలుపెట్టాయి. మామ బోధన అంతా ఒకే సూత్రం.

"గోడ కుడి చెయ్యి దిక్కు ఉండాలె. ఎడమకు తిరుగుకుంట పోవాలె."

"కుడికి తిరిగితే ఏమైతది?"

"మా బాపు ఎడమకే తిరిగిండు. నేను ఎడమకే తిరిగిన. కుడికి ఇప్పటిదాక ఎవ్వలు తిరగలే."

ఇంతటి చరిత్ర ఉన్న సంగతిని ప్రశ్నించడం పద్ధతి కాదనిపించింది. మూడో వారానికి డబ్బా తీసేశారు, తాడు తీసేశారు. మామ తాడుతో కొలిచి, బావి చుట్టుకొలత ఇరవై మీటర్లని తేల్చాడు. అంటే రెండున్నర చుట్లు తిరిగితే పరీక్ష పాసు. నేను ఆగకుండా పది చుట్లు తిరుగుతున్నాను. రెండు వందల మీటర్లు! నా మీద నాకే గౌరవం పెరిగింది. ఓడ ఊపుకు కూడా అలవాటు పడదామని, రోజూ కందుకూరు బస్సులో వెనక చక్రం మీది సీటులోనే కూర్చునేదాన్ని. ఆ సీటు ముందు ఏ సముద్రమూ నిలవదని ఇప్పుడు అనుభవంతో చెప్పగలను.

పరీక్ష రోజు వచ్చింది. శంషాబాద్ దాటాక ఒక ఫామ్‌హౌస్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంది, అక్కడికి రమ్మన్నారు. సరిగ్గా దాని నెత్తిమీద నుంచే విమానాలు దిగుతుంటాయి. బాపుకు డ్యూటీ పడింది. మామ వచ్చాడు. అమ్మ వచ్చింది. అమ్మ వెంట, చేపను కళ్ళారా చూద్దామని, సంఘం స్త్రీలు నలుగురు ఆటో కట్టించుకుని వచ్చారు.

పరీక్షాధికారి కోస్తా వైపు ఆయన. ముప్పై ఏళ్ళు ఓడల్లో పనిచేసి వచ్చాడట. చాలా శాంతమైన మనిషి. నేను వచ్చేదాకా.

"ఏం లేదు తల్లీ, ఈ చివర నుంచి ఆ చివరకి పాతిక మీటర్లు. వెళ్ళి, వెనక్కి రా. అంతే, యాభై. కంగారు పడకు."

నేను కంగారు పడలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగెత్తుకొచ్చి, ముక్కు మూసుకుని, మోకాళ్ళు ముడుచుకుని దూకాను. బావిలో అలాగే దూకుతారు. సార్ చేతిలోని కాగితాలన్నీ తడిశాయి.

ఈదడం మొదలుపెట్టాను. నాలుగు బారలు వేసి, అలవాటు ప్రకారం కుడి చేతి వైపు చూశాను. గోడ లేదు. ఎక్కడో దూరాన ఉంది. ఇక తర్వాత జరిగినది నా ప్రమేయం లేకుండా జరిగింది. నా ఒళ్ళు తనంతట తాను ఎడమకు తిరిగింది, ఇంకా తిరిగింది, బయలుదేరిన చోటికే వచ్చింది. ఒక చుట్టు అయింది కదా అని నేను సంతోషంగా రెండోది మొదలుపెట్టాను.

అప్పుడే నెత్తిమీదికి విమానం వచ్చింది. ఆ హోరులో సార్ రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. ఎంత ప్రోత్సాహం ఇస్తున్నాడు, మంచి మనిషి, అనుకుని వేగం పెంచాను. గట్టు మీద స్త్రీలు చప్పట్లు కొడుతున్నారు. విమానం వెళ్ళిపోయాక అమ్మ గొంతు వినిపించింది.

"సార్, నాలుగు రౌండ్లయినయి. ఇంక పది గూడ తిరుగుతది మా పిల్ల."

"ఆగమ్మా!" అని కేకేశాడు సార్. "ఎక్కడికి వెళ్తున్నావు నువ్వు?"

"యాభై మీటర్లు సార్" అన్నాను, నీళ్ళలో తేలుతూ.

"ఏ వైపుకి?"

బావిలో ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

"చూడు, ఎదురుగా ఆ నీలం కుర్చీ కనబడుతోందా? తిన్నగా దాని దగ్గరకి వెళ్ళు."

వెళ్ళాను. కుర్చీనే చూస్తూ ప్రాణం పెట్టి ఈదాను. కాసేపటికి కుర్చీ బదులు సార్ కాళ్ళు కనబడ్డాయి.

"వచ్చేశావా?" అన్నాడు సార్, ఎంతో అలసటగా.

మూడోసారి కూడా సార్ కాళ్ళ దగ్గరికే వచ్చాను. గట్టు మీద చప్పట్లు ఆగిపోయాయి. సంఘం స్త్రీలలో ఒకామె మెల్లగా, "చేప గిట్లనే తిరుగుతదా వదినా?" అని అడిగింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. లేదు. సార్ కాగితం మీద పెన్ను పెట్టాడు.

"సార్, జర ఆగుండ్రి" అంటూ దావీదు మామ ముందుకు వచ్చాడు. "తప్పు పిల్లది గాదు, నేర్పినోనిది. దానికి గోడ చూపియ్యుండ్రి."

"గోడా?"

"కుడి చెయ్యి దిక్కు గోడుంటే మా పిల్ల ఆగదు సార్."

సార్ ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో నాకిప్పటికీ తెలియదు, బహుశా వింత చూడాలనిపించి ఉంటుంది. గోడ పక్కకు జరిగాను. కుడి చేతి వైపు గోడ కనబడగానే ప్రాణం లేచొచ్చింది. పాతిక మీటర్లు తిన్నగా పోయాను. మూల వచ్చింది, ఎడమకు తిరిగాను. మళ్ళీ మూల, మళ్ళీ ఎడమ. పూల్ మొత్తం మూడుసార్లు చుట్టి వచ్చాను. సార్ "చాలు, చాలు" అంటూ గట్టు మీద నా వెంట నడుస్తూనే ఉన్నాడు.

బయటికి వచ్చాక ఆయన తల పట్టుకుని మామను అడిగాడు. "ఈత వచ్చు, కాదనను. కానీ సముద్రంలో గోడ ఎక్కడి నుంచి తెస్తారండీ?"

మామ తువ్వాలతో మొహం తుడుచుకుని, "ఒక మాట చెప్పుండ్రి సార్. ఓడ మీదికెల్లి నీళ్ళల్ల పడ్డోళ్ళు ఎందుకు దొరకరు?" అన్నాడు.

"ఏముందండీ, కంగారులో ఎటో ఈదుకుంటూ వెళ్ళిపోతారు. మేం ఓడ తిప్పి వచ్చేసరికి మనిషి..." సార్ అక్కడ ఆగిపోయాడు.

"మా పిల్ల యాడికి పోతది సార్? పడ్డకాడనే తిరుగుతది. మీరు చాయ్ తాగి, ఓడ మలుపుకొని నిమ్మళంగ రావొచ్చు."

సార్ మామను చూశాడు, నన్ను చూశాడు, నీళ్ళను చూశాడు. చివరికి తడిసిన కాగితం మీద రెండు ముక్కలు రాసి సంతకం చేశాడు. "యాభై మీటర్లు: పూర్తి. దిశ: లేదు."

తర్వాతి ఆదివారం అమ్మ మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళింది. ఈసారి మేలు జరిగిన తర్వాతే వెళ్ళింది. "నా బిడ్డ నడి సముద్రంల పడ్డా గూడ యాడికీ పోదు, పడ్డకాడనే ఉంటదని ఓడల సారు రాసిచ్చిండు" అంది. సంఘమంతా గట్టిగా "ఆమెన్" అంది. దేనికి అన్నారో నేను అడగలేదు.

ఒట్టు పెట్టుకోవద్దని బైబిలు మాట, మా ఇంట్లో ఒట్లు పెట్టుకోరు. కాబట్టి తీర్మానంగా, పాఠకులందరి సమక్షంలో, రాసి ఇస్తున్నాను: ఇకమీదట గుండ్రంగా ఉన్న దేంట్లోనూ నేను ఏ విద్యా నేర్చుకోను. తప్పనిసరై నేర్చుకోవలసి వస్తే, మామ ఏమన్నా సరే, ఒక్కసారైనా కుడికి తిరిగి చూస్తాను.