ఖాజా భాయ్ జేబులో నా హారన్

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడిందంటే, ఓపికున్నవాడు కారులో కూర్చునే ఒక డిగ్రీ పూర్తి చేసుకోవచ్చు. నిన్న సాయంత్రం అక్కడ ఆగి ఉన్నాను. పచ్చదీపం వెలిగింది గానీ నా ముందున్న ఆటో కదల్లేదు. అంతే, నా వెనక సుమారు ముప్పై కోట్ల హారన్లు ఒక్కసారిగా లేచాయి. మెట్రో స్తంభం కూడా బెదిరి కాస్త పక్కకు జరిగిందని నా అనుమానం. ఆ రొదలో, నా తలలో ఎక్కడో, ఖాజా భాయ్ గొంతు స్పష్టంగా వినిపించింది: "ఎవడు సచ్చిండని ఒర్రుతున్నరు సార్ వీళ్లంత?"

ఖాజా భాయ్ అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ వెనక సందులో ఉండేవారు. ముప్పయ్యేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరై, నాలాంటి ముదురు విద్యార్థులకు కారు నేర్పేవారు. నలభై ఆరేళ్ల వయసులో నాకు కారు కొనాలని బుద్ధి పుట్టడానికి కారణం మా ఆవిడ సుజాత. తను పంజాగుట్టలో కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. షేర్ ఆటోలో ఒక మోకాలు లోపల, ఒక మోకాలు బయట పెట్టుకుని ఏళ్ల తరబడి వెళ్తున్న మనిషిని మహారాణిలా దింపి రావాలని నా కోరిక. కానీ నేర్చుకునే రోజుల్లో, తను వెనక సీట్లో ఉండగా, బల్కంపేటలో ఒక చెరుకురసం బండిని ముద్దాడాను. బండికేమీ కాలేదు. సుజాత నమ్మకమే నుజ్జునుజ్జయింది. "మీకు డ్రైవింగ్ వచ్చిందని ఖాజా భాయ్ గారు చెప్పిన రోజు ఎక్కుతానండీ. అందాకా నాకు ఆటోయే భద్రం" అని తేల్చేసింది.

లైసెన్సు చేతికొచ్చిన రోజు మిఠాయి పెట్టెతో ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఒక లడ్డూ నోట్లో వేసుకుని, కార్డును కరెంటు బిల్లు చూసినట్టు చూసి, నా కారులో స్టీరింగ్ కిందికి వంగారు. పైకి లేచేసరికి వేళ్ల మధ్య గోరంత నీలం ప్లాస్టిక్ ముక్క ఉంది.

"ఏంటి భాయ్ అది?"

"హారన్ ఫ్యూజు. ఆర్నెల్లు నా తాన ఉంటది. మీరు ప్రొబేషన్ల ఉన్నరు."

"లైసెన్సు వచ్చేసింది కదండీ!"

"గది సర్కారు ఇచ్చింది. నేనింక ఇయ్యలే. కొత్త డ్రైవర్‌కు హారన్ ఉన్నదనుకో, కాలు బ్రేకు మీదికి పోదు, చెయ్యి హారన్ మీదికి పోతది. హారన్ లేదనుకో, కాలుకు జర భయముంటది. ఫికర్ చెయ్యకుండ్రి సార్."

ఈ పద్ధతి ఏ చట్టంలోనూ లేదు. చట్టానికి తెలిస్తే మా ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టేది. అయినా ఆయన శిష్యులందరి కార్లూ కొన్నాళ్లు మూగనోము పట్టినవే. హారన్ లేకుండా అమీర్‌పేటలో కారు నడపడమంటే పెళ్లిపందిట్లో సైగలతో భోజనం అడగడమే. నేను ఆగిన ప్రతిచోటా కోచింగ్ కరపత్రాలు కిటికీలోంచి లోపల పడేవి. ఇల్లు చేరేలోగా నాలుగు కంప్యూటర్ కోర్సులు పూర్తయ్యేవి.

నాలుగో నెలలో నా ఓపిక చచ్చింది. స్పేర్ పార్టుల దుకాణంలో గుట్టుగా ఒక ఫ్యూజు కొని పెట్టుకున్నాను. రెండు రోజులు చక్రవర్తిలా మోగించాను. మూడోరోజు ముందు ఒక ఆటో నడిరోడ్డు మీద ఆగిపోతే, బొటనవేలు అరిగేలా నొక్కాను. ఆటో ముందు చేతికర్రతో రోడ్డు తడుముకుంటూ ఒక చూపులేని పెద్దాయన దాటుతున్నాడని నాకు తెలియదు. నా మోతకు బెదిరి, ఎటు వెళ్లాలో తోచక పక్క వరసలోకి అడుగేశాడు. అటు నుంచి వస్తున్న బస్సు కీచుమంటూ ఆయనకు మూరెడు దూరంలో ఆగింది. ఆటో అతను దిగి, పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని దాటించి, నా కిటికీ దగ్గరికి వచ్చాడు. తిట్టలేదు. "అన్నా, నేను ఉట్టిగనే ఆగిన్ననుకున్నవా?" అన్నాడు.

ఆ ఫ్యూజు పీకి సాయంత్రమే ఖాజా భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన గడప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. జరిగినదంతా చెప్పాను.

"పెద్దమనిషికి ఏం గాలే గదా?"

"ఏమీ కాలేదు భాయ్."

"అల్లా దయ. మరి నేనైతే చూడలే గదా, నాకెందుకు చెప్తున్నరు?"

"ఇది నా దగ్గరుంటే మళ్లీ నొక్కుతానేమోనని భయంగా ఉంది భాయ్."

ఆయన రెండో ఫ్యూజును కూడా చొక్కా జేబులో వేసుకున్నారు. "మంచిది. ఇయ్యాల్టి సంది మల్ల ఆర్నెల్లు."

మర్నాడు పొద్దున కిందికి దిగేసరికి, కారు తలుపు దగ్గర సుజాత భోజనం సంచీతో నిలబడి ఉంది. "ఆయన ఇంకా పాస్ చెయ్యలేదు, ప్రొబేషన్ పెంచారు కూడా" అన్నాను సిగ్గుపడుతూ. "రాత్రి ఫోన్ చేశారు. 'మీ సారుకు భయం పట్టుకున్నదమ్మా, ఇగ ఎక్కొచ్చు' అన్నారు. పోనివ్వండి, దుకాణానికి ఆలస్యమవుతోంది" అంది.

ఆ రెండో ఆర్నెల్లు నిండవస్తుండగా ఖాజా భాయ్ నిద్రలోనే, ఎవరికీ హారన్ కొట్టకుండా వెళ్లిపోయారు. మూడోనాడు పలకరించడానికి వెళ్తే, ఆయన భార్య ఒక కాగితం పొట్లం తెచ్చి ఇచ్చారు. "చొక్కా జేబుల దొరికింది సార్. మీ పేరు రాసున్నది." పైన ఉర్దూలో ఏదో రాత, లోపల రెండు నీలం ఫ్యూజులు. నా గడువు ముగియడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. అడిగేవాళ్లు ఎవరూ లేరు. పొట్లం డాష్‌బోర్డులో పెట్టి, పదకొండు రోజులూ మూగకారే నడిపాను. పన్నెండో రోజున ఒక ఫ్యూజు పెట్టాను. రెండోది నా చొక్కా జేబులోనే ఉంటుంది. చొక్కాలు మారతాయి, అది మారదు.

నిన్న పంజాగుట్టలో ముప్పై కోట్ల హారన్లూ నన్ను పొమ్మంటున్నాయి. పక్క సీట్లో సుజాత నా వైపు చూసింది. ముందున్న ఆటో ఇంకా కదల్లేదు. జేబు తడుముకున్నాను. అతను ఉట్టిగనే ఆగి ఉండడు అనుకుని, బ్రేకు మీద కాలు అలాగే ఉంచి కూర్చున్నాను.