మనిషికి రెండే చేపలు

చేపని చూస్తే కొందరికి నోరూరుతుంది. కొందరికి ముక్కు ముడుచుకుంటుంది. మా ఎబినేజర్ మావకి మాత్రం చెయ్యి మెడ మీదికి పోతుంది. మెడలో ఎప్పుడూ వేలాడుతూ ఉండే టేపు లాగి, ఆ చేప పొడవెంతో కొలిచేదాకా ఆయన స్థిమితంగా ఉండలేడు. అది బతికున్నదా, చచ్చినదా, ఎండినదా, వేగి విస్తట్లోకి వచ్చినదా అన్న తేడా ఆయనకి లేదు.

కాశీబుగ్గలో ఆయనది టైలర్ షాపు. పక్కనే నాది జిరాక్సు షాపు. మధ్యలో ఒక చెక్క గోడ. ఆయన మిషను ఆగిందంటే వీధిలో చేపల గంప పోతోందని నాకు గోడ ఇవతలినుంచే తెలిసిపోతుంది. కత్తిరించిన గుడ్డ కత్తిరించినట్టే వదిలేసి బయటికి పరుగెత్తుతాడు. చేపలమ్మే ఆడవాళ్లు ఆయన్ని దూరంనుంచి చూడగానే గంపల మీద గోనె కప్పేస్తారు.

"కొలతలోడు వత్తన్నాడర్రా, కప్పీయండి!"

అయినా ఆయన వదలడు. గోనె ఎత్తి ఒక జెల్లకి టేపు పెడతాడు. ఒకసారి ఒకావిడకి ఒళ్లు మండింది.

"ఏటి బావా, దాన్ని కొంతావా, జాకెట్టు కుడతావా?"

"కొన్ను. ఇది పిల్లది. ఇంకా ఆరంగుళాలు ఎదగాల."

"నా గంపలో ఎదగదు బావా, పక్కకి జరుగు."

సోంపేటలో వాళ్ల పాస్టరు గారి కూతురు పెళ్ళికి నన్ను కూడా తీసుకెళ్లాడు. భోజనాల్లో వేయించిన చేప వడ్డించారు. వరసలో అందరూ ప్రార్థన అయిపోయి చెయ్యి పెట్టబోతుంటే మావ టేపు తీశాడు. "తలకాయ లేదు గాని, ఉంటే ఏడంగుళాలు. దీన్ని పట్టకుండా ఉండాల్సింది" అని తీర్పు చెప్పాడు. ఆ మాట విన్నాక వరసలో సగం మంది చేపని ముట్టుకోవడానికి మొహమాటపడ్డారు. వడ్డించే కుర్రాడు ఏడుపు మొహం పెట్టి, "నేను పట్టనేదండీ, వడ్డించేనంతే" అన్నాడు. పక్కనున్న ఆయన భార్య కృపావతి అత్త ఆయన టేపు లాక్కుని తన హ్యాండుబ్యాగులో వేసుకుంది. బ్యాగులోంచి ఇంకో టేపు బయటపడింది. అది కూడా ఆయనదేనట, అంతకు ముందు పెళ్ళిలో లాక్కున్నది.

"నా జాకెట్టు కుట్టి రెండేళ్లయింది బాబూ" అని నాతో మొర పెట్టుకుంది అత్త. "కొలతలు తియ్యమంటే తీరిక నేదంతాడు. ఇంటికి కేజీ కవ్వళ్ల సేపలు తెత్తే మాత్రం ఒక్కోదాన్నీ వరస పెట్టి కొలుత్తాడు."

ఇలాంటి మనిషికి చేపలు పట్టడం సరదా కావడం మా కర్మ. ఆదివారం చర్చి అయ్యాక, మధ్యాహ్నం మూడింటికి, మేం నలుగురం గాలాలు పట్టుకుని అక్కుపల్లి ఒడ్డుకి పోతాం. ఎబినేజర్ మావ, నేను, జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని జగన్నాథరావు గారు, ఆటో నడిపే గోవిందు. గోవిందు ఆటోలోనే వెళ్తాం. రావు గారికి కారుంది గాని, చేపల వాసన పట్టుకుంటుందని ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు. ఆయన గాలం ఎక్కడో విదేశాలనుంచి తెప్పించినది. దాన్ని ఒడిలో పడుకోబెట్టుకుని, పసిపిల్లని పెట్టుకున్నట్టు జాగ్రత్తగా కూర్చుంటారు. ఒడ్డుకి చేరాక చీకటి పడేదాకా కదలరు. పది పడితే పదకొండోది కావాలంటారు.

మా అందరిలో హుషారైన వాడు గోవిందు. ఆటో ఎక్కింది మొదలు వజ్రపుకొత్తూరు దాటేదాకా నవ్విస్తూనే ఉండేవాడు. కాని ఈ మధ్య ఆరు నెలలుగా మనిషి కాస్త నీరసించాడు. ఒడ్డు మీద గంటసేపు నిలబడి, "టైరు సూసొత్తాను" అని ఆటోలోకి పోయి కూర్చునేవాడు. తర్వాత నెల రోజులు అసలు రానే లేదు. వేరే ఆటో పంపించాడు. బేరాలు ఎక్కువై ఉంటాయనుకున్నాం.

ఆ నెలలోనే అక్కుపల్లిలో గొడవ మొదలైంది.

ఫోన్లలో వీడియోలు చూసి ఊళ్లనుంచి మోటారు సైకిళ్ల మీద జనం రావడం ఎక్కువైంది. వేలెడంత చేపల్ని కూడా బక్కెట్ల కొద్దీ పట్టి, ఇసకలో పరిచి, ఫొటోలు తీసుకుని, సగం అక్కడే పారేసి పోయేవారు. ఒక ఆదివారం మేం గాలాలు విప్పుతుంటే ఊరి పెద్ద రామూర్తి వచ్చాడు. వయసు అరవై దాటినా సముద్రం మీదికి పోయే మనిషి. కోపంగా లేడు. అందుకే మాకు ఎక్కువ భయం వేసింది.

"బాబూ, మీకు తోచక పడతన్నారు. మాకది కూడు. ఈ పిల్ల సేపలు ఇలా ఇసకలో ఎండిపోతే రేపు మా వలలోకి ఏటొత్తాది? మీరు నలుగురూ మంచోళ్లే, నాకు తెలుసు. గాని ఎవుల్ని ఆపాల, ఎవుల్ని వదలాల? వొచ్చే ఆదివారం నాటికి మీలో మీరు ఒక లెక్క పెట్టుకోండి. ఎంత పొడుగు సేపైతే పట్టాల, ఎన్ని పట్టాల అని. నేదంటే టవునోళ్లెవులూ మా ఒడ్డు తొక్కొద్దు."

తిరుగు దారిలో రావు గారు గాలాన్ని ఒడిలోకి కూడా తీసుకోలేదు. పదేళ్లుగా మాకున్న ఏకైక సుఖం ఆ ఒడ్డు. ఎబినేజర్ మావ మొహం ఒక్కటే వెలిగిపోతోంది. జన్మలో మొదటిసారి ఆయన టేపుకి ఎవరో పని చెప్పారు.

బుధవారం సాయంత్రం ఆయన షాపులో చర్చ పెట్టుకున్నాం. నేనూ, రావు గారూ, మావా. గోవిందు రాలేదు, కబురు పెడితే "మీరేటి సెప్తే అదే" అన్నాడు.

మావ సుద్దముక్కతో బల్ల మీద గీతలు గీశాడు. "ఏ సేపైనా జానెడు కంటె సిన్నదైతే సముద్రానిది. పండుగప్పైతే అడుగున్నర ఉండాల. ఒక్కసారైనా గుడ్లెట్టకుండా కూరలో ఏసీత్తే మరి సేపలెక్కణ్ణించి వత్తాయి?"

"బాగుందయ్యా" అన్నారు రావు గారు. "పెద్ద పెద్ద బోట్లోళ్లు టన్నులు టన్నులు పట్టుకుపోతన్నారు. ఆళ్లనడగవు. నా గాలానికి పడే నాలుగింటితో సముద్రం కాళీ అయిపోద్దా?"

"ఆళ్ల సంగతి ఆళ్లనడిగేవోళ్లు అడుగుతారు. బోటుకెళ్లినోడిది బతుకు. మనది సరదా. మన సరదాకి మనమే గదా హద్దు పెట్టుకోవాల?"

రావు గారు ఇంకో వైపునుంచి వచ్చారు. "సరే. ముక్కు నుంచి తోక కొస దాకా కొలవాల. తోక సేపది కాదేటి?"

"తోక సీలిక దాకానే."

"అన్యాయం! రెండంగుళాలు పోద్ది!"

"కాలరు కలిపి చొక్కా పొడుగు సెప్పినోడు టైలరు కాడు రావుగారూ."

గంటసేపు తోక మీదే నడిచింది. ఆఖరికి రావు గారు తోక వదులుకున్నారు. అందరం ఊపిరి పీల్చుకుని టీ చెప్పాం. టీ వచ్చేలోగా మావ ఇంకో బాంబు వేశాడు.

"మరొకటి. మనిషికి రెండే సేపలు. రెండు పడగానే గాలం సుట్టీయాల, అందరం ఒకేసారి ఇంటికెళ్లిపోవాల."

రావు గారు కుర్చీలోంచి లేచిపోయారు. "రెండా? మా ఇంట్లో మనుషులే ఏడుగురు! అయిదు పెట్టు."

"రెండే."

"ఏల రెండు? మూడేల కాదు?"

మావ తడబడ్డాడు. చేప సైజు గురించి అంత వివరంగా చెప్పిన మనిషి దీని దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లాడిలా నీళ్లు నమిలాడు. "ఏల అంటే... మనిషికి రెండు కళ్లు. రెండు సేతులు. ప్యాంటుకి రెండు కాళ్లు."

"చొక్కాకి ఏడు గుండీలున్నాయి. ఏడు పెట్టు!"

"రెండే."

నాకూ అది అర్థం కాలేదు. రామూర్తి ఎన్నని అడిగినా ఆయన బాధంతా పిల్ల చేపల గురించే. అయిదు పట్టినా ఆయనేమీ అనడు. నేను ఆ మాటే అంటే మావ నా వైపు ఒక చూపు చూసి, మళ్లీ "రెండే" అన్నాడు. అరగంట గడిచింది. రావు గారు నాలుగుకి దిగి, మూడుకి దిగి, అక్కడ కూర్చుండిపోయారు. అప్పుడు మావ అలమారా తీసి, రావు గారి మేనకోడలి పెళ్ళికి కుట్టడానికిచ్చిన పట్టు లాల్చీ ముక్కలు బల్ల మీద పరిచాడు. కత్తెర చేతిలోకి తీసుకున్నాడు.

"రెండు అనే మాట మీకు గిట్టదు గదా. దీనికి ఒక సెయ్యే కుడతాను. శుక్రవారం వొచ్చి పట్టుకెళ్లండి."

రావు గారు నా వైపు చూశారు. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. "రాయి బాబూ, రెండే రాయి" అన్నారాయన. నేను ఆ కాగితం పది కాపీలు జిరాక్సు తీశాను.

ఆదివారం గోవిందు స్వయంగా ఆటో తెచ్చాడు. మావ పట్టుబట్టి రమ్మన్నాడట. ఒడ్డు మీద రామూర్తి బోర్లించిన తెప్ప మీద కూర్చుని ఉన్నాడు, పక్కన ఊరివాళ్లు పదిమంది. పరీక్ష రాసే పిల్లల్లా గాలాలు వేశాం.

ముప్పావు గంట అయ్యాక రావు గారి గాలం వంగింది. ఆయన వెనక్కీ ముందుకీ పరిగెత్తి, ఒక చెప్పు సముద్రానికిచ్చి, ఒక పండుగప్పని ఒడ్డుకి లాగారు. వెండి బిందెలా మెరుస్తోంది. మావ టేపు పెట్టాడు. రెండోసారి పెట్టాడు. మొహం వాడిపోయింది.

"పదిహేడున్నర."

అడుగున్నరకి అరంగుళం తక్కువ. రావు గారు రెండు చేతులూ జోడించారు. "నోరు తెరిపించి కొలువు. ఎండకి ముడుసుకుంది. ఎబినేజరూ, మా ఇంటిది పొద్దున్నుంచి మసాలా నూరుతోందయ్యా!"

 మావ టేపు ఆయన చేతికే ఇచ్చాడు. రావు గారు తనే కొలిచారు. ఇంకోసారి కొలిచారు. తెప్ప దగ్గర పదకొండు మందీ చూస్తున్నారు. ఆయన ఆ చేపని రెండు చేతులా ఎత్తుకుని, మోకాలి లోతు నీళ్లలోకి దిగి, వదిలిపెట్టారు. తోకతో మొహం మీద నీళ్లు కొట్టి మరీ పోయిందది.

రామూర్తి లేచి వచ్చి, తన తువ్వాలు రావు గారికిచ్చాడు. "తుడుసుకోండి బాబూ. ఇంక మా ఒడ్డుకి ఎప్పుడైనా రండి. ఆ కాగితమొకటి మాకివ్వండి, బోర్డు రాయించి ఇక్కడ పాతుతాం. బళ్లేసుకుని వొచ్చినోళ్లకి మీరే సెప్పాల."

నా గుండెల మీదనుంచి రుబ్బురోలు దించినట్టయింది. నేను పదికి పది కాగితాలూ ఆయన చేతిలో పెట్టేశాను.

ఈ హడావుడిలో గోవిందు ఎప్పుడో రెండు పారచేపలు పట్టి, గాలం చుట్టేసి, ఇసకలో చల్లగా కూర్చున్నాడు. మావ వాటిని అప్పుడే కొలిచేశాడు, రెండూ జానెడు దాటాయి. తడిసిన పంచెతో రావు గారు వచ్చి గోవిందు పక్కన కూలబడ్డారు.

"నీ పని బాగుందిరా. సైజు సంగతి నాకర్థమైంది. గాని ఈ రెండేటిరా? ఆ రెండు ఎక్కణ్ణించి తెచ్చేడు?"

గోవిందు కాసేపు ఇసక గీకాడు. "నా గురించే రావుగారూ."

అప్పుడు చెప్పాడు. ఆరు నెలల క్రితం చొక్కా ప్యాంటు కుట్టించుకుందామని మావ దగ్గరికి వెళ్లాడట. మావ కొలతలు తీసి, పాత కొలతల పుస్తకం తిరగేసి, మళ్లీ తీశాడట. "నేను తప్పు కొలవనేదు. నువ్వే మారినావు. నడుం రెండంగుళాలు తగ్గింది, సీలమండ సుట్టు కొలత అంగుళం పెరిగింది. ఇదేటో బాగోనేదు" అని, అప్పటికప్పుడు షట్టరు దించి రక్తపరీక్షకి లాక్కెళ్లాడట. కిడ్నీ జబ్బు. ఊరూరా ఆ జబ్బుతో మనుషుల్ని పోగొట్టుకున్న మా ఉద్దానంలో ఆ మాట ఇంకా పూర్తిగా వినకుండానే జనం ఏడవడం మొదలుపెడతారు. అందుకే గోవిందు ఎవరికీ చెప్పలేదు.

"తొందరగా తెలిసింది, మందులతో ఆపొచ్చు అన్నారు డాక్టరు. గాని గంట నిలబడితే అలిసిపోతన్నాను. నా కోసం మీరంతా లేచి వచ్చేయడం నాకు సిన్నతనం. అందుకే రావడం మానీసేను. ఎబినేజర్ బావ ఇంటికొచ్చి తిట్టేడు. 'మనిషికి రెండు పెడితే గంటలో అందరికీ అయిపోద్ది, అందరం ఒకేసారి లేత్తాం, నీ అలుపు ఎవుడికీ కనబడదు' అన్నాడు."

"మరిప్పుడేల సెప్పేవురా?"

"మొన్న శుక్రవారం రిపోర్టొచ్చింది. ఆరు నెల్ల కింద ఎంతుందో అంతే ఉంది, పెరగనేదు. డయాలసిస్ గియాలసిస్ ఏదీ అక్కర్లేదు, ఇలాగే మందులేసుకో అన్నారు. ఇంక దాసడమెందుకు?"

 చెక్క గోడకి ఇవతలే కూర్చుని, ఆ షట్టరు దించిన రోజు మావ చేపల గంప వెనక పోయాడనుకున్నాను.

రావు గారు తువ్వాలుతో మొహం మరోసారి తుడుచుకున్నారు. తర్వాత, నీళ్ల అంచున ఎవరిదో జెల్లకి టేపు పెడుతున్న మావని గొంతెత్తి పిలిచారు.

"ఏమయ్యా ఎబినేజరూ! ముందే సెప్పుంటే ఒకటికే ఒప్పుకుందును గదయ్యా!"

మావ తల ఎత్తకుండానే అరిచాడు. "ఒకటైతే అరగంటకే ఇంటికెళ్లాలి రావుగారూ! అంత తొందరగా ఎళ్తే మా ఆవిడ జాకెట్టు కుట్టమంతాది!"

గోవిందు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. నవ్వి నవ్వి, లేవబోయి, మోకాలి మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం ఆగాడు.

ఇంకా గంటసేపు వెలుతురుంది. రావు గారికి ఒక్క చేపా దక్కలేదు. అయినా ఆ విదేశీ గాలాన్ని గబగబా చుట్టేసి, తువ్వాలు భుజాన వేసుకుని, ఉన్న ఒక్క చెప్పూ చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"ఎందుకో ఈ రోజు నా నడుం లాగేత్తంది. పదండి బాబూ, ఇంటికెళ్లిపోదాం."

పదేళ్లలో ఆయన నడుం నొప్పి అనడం అదే మొదటిసారి.