ముప్పై మైళ్ళ లైనస్

లైనస్ వెబర్ జీవితంలో మొట్టమొదటి ఘనవిజయం ఆటస్థలంలో దక్కలేదు, మొక్కజొన్న చేలో దక్కింది. సెయింట్ ఓడిలియా బేస్‌బాల్ జట్టుకి మేనేజరైన ఏడాదే ఆయనకి పొరుగూరు కోల్డ్‌బ్రూక్ తరఫున బంతి విసిరే ఓ పొడుగువాడి మీద అనుమానం వచ్చింది. ఊరి జట్ల సంఘానికి ఒక నియమం ఉంది. ఆటస్థలానికి ముప్పై మైళ్ళలోపు కాపురం ఉన్నవాడే ఆ ఊరికి ఆడాలి. పొడుగువాడు బీరుకొట్టు మీది గదిలో ఉంటున్నానన్నాడు. లైనస్ ఆ గదికి ఎదురుగా చేలో వానలో కూర్చున్నాడు. జలుబు చేసింది, జ్వరం తగిలింది, కుక్క కరిచింది. గదిలో దీపం మాత్రం ఒక్కరోజూ వెలగలేదు. దాంతో కోల్డ్‌బ్రూక్ గెలుపు రద్దయి, సెయింట్ ఓడిలియా చరిత్రలో తొలిసారి రాష్ట్ర పోటీలకి వెళ్ళింది. ఊరి హాల్లో లైనస్ ఫోటో కట్టారు. అందులో కూడా ఆయన ఫోటో తీసేవాడి వంక అనుమానంగానే చూస్తున్నాడు.

అనుమానం లైనస్‌కి అలవాటు కాదు, అవయవం. భార్య మార్సెల్లా పళ్ళెంలో ఒక సాసేజ్ ఎక్కువ వేస్తే తినడం ఆపి, "ఇందులో ఏదో ఉంది" అంటాడు. "పంది మాంసం ఉంది, తినండి" అంటుందావిడ. పోస్టుమాన్ నవ్వుతూ పలకరిస్తే ఆ రోజంతా ఉత్తరాల పెట్టె దగ్గరికి పోడు. పాదిరీ గారు ప్రసంగం తొందరగా ముగిస్తే గుడి బయట నిలబడి ఆయన ఎటు వెళ్తున్నారో చూస్తాడు.

అయితే ఒక్కమాట ఒప్పుకోవాలి. సెయింట్ ఓడిలియా లాంటి చిన్న ఊరు పదకొండుసార్లు రాష్ట్ర పోటీలకి వెళ్ళిందన్నా, రెండు కప్పులు తెచ్చిందన్నా, చుట్టుపక్కల ఏ జట్టూ దొంగకాపురం పెట్టాలంటే జంకుతుందన్నా ఆ అనుమానం చలవే. మిన్నెసోటా రాష్ట్రంలో ఇంకే ఊరికి ఉందీ భాగ్యం?

బేస్‌బాల్ అందరికీ వేసవి ఆట. లైనస్‌కి చలికాలపు ఆట. ఎవడు మానేస్తున్నాడు, ఎవడు కొత్తగా వస్తున్నాడు, వచ్చే వేసవికి ఎవడి సత్తా ఎంత అన్నీ ఆయన గడ్డకట్టిన చెరువు మీద, చేపలు పట్టే చెక్కగుడిసెలో తేలుస్తాడు. తోడు క్లెమ్ రౌష్. క్లెమ్‌కి దాణా కొట్టుంది, పాత ట్రక్కుంది, ఎక్కడా దొరకనంత ఓపికుంది. జట్టుకి సహాయకుడనే పేరే గానీ అసలు పని లైనస్ అనుమానాలకి బండి తోలడం.

మొన్నటి జనవరి మొదట్లో మంచుకి కొట్టిన కన్నంలో గాలం వేసి కూర్చున్నాక క్లెమ్ మొదలెట్టాడు.

"మన క్యాచర్ డేల్ ఇక గొంతుక్కూర్చుని బంతి పట్టలేడట. మోకాళ్ళు పోయాయట."

"ఏ మోకాలు?"

"రెండూ."

"రెండూ ఒకేసారా? మోకాళ్ళు మాట్లాడుకుని పోతాయట్రా? ఇందులో ఏదో ఉంది."

"వాడికి నలభై రెండేళ్ళున్నాయి లైనస్. అదే ఉంది."

"సరే. రెండో బేస్ దగ్గర కర్టిస్?"

క్లెమ్ ఈ మాట ఎలా చెప్పాలా అని థర్మాస్ మూత తిప్పుతూ కూర్చున్నాడు. "పెళ్ళి చేసుకుంటున్నాడు. పిల్లది కోల్డ్‌బ్రూక్. అక్కడే ఉంటారట. అక్కడే ఆడతాట్ట."

లైనస్ గాలం కింద పెట్టేశాడు. "కోల్డ్‌బ్రూక్ జట్టులో రెండో బేస్ ఖాళీ అయి రెండేళ్ళయింది. ఇప్పుడా పిల్లకి వీడి మీద ప్రేమ పుట్టిందా?"

"ప్రేమకి అవన్నీ ఏం తెలుస్తాయిరా బాబూ?"

"ప్రేమకి తెలీదు. కోల్డ్‌బ్రూక్ మేనేజర్ ఫెడ్డర్‌కి తెలుసు."

ఆ పెళ్ళికి లైనస్ వెళ్ళాడు. అందరూ నాట్యం చేస్తుంటే పెళ్ళికూతుర్ని పక్కకి పిలిచి, "అమ్మాయ్, వీడు ముప్పై ఏళ్ళకే బంతికి వంగలేకపోతున్నాడు. ఆ సంగతి తెలిసే చేసుకున్నావా?" అని అడిగాడు. ఆ పిల్ల పకపకా నవ్వి, "నేను వంచుతాగా" అంది. తిరుగుదారిలో లైనస్, "ప్రేమే అయ్యుంటుంది" అన్నాడు. ఒక విషయం నిజమని లైనస్ ఒప్పుకోవడం క్లెమ్ వినడం అదే మొదటిసారి.

జట్టులోకి కొత్తగా చేరినవాళ్ళకీ ఈ పరీక్ష తప్పలేదు. కాలేజీ ముగించుకుని హైన్ కవలలు ఊరికి తిరిగొచ్చారు. ఇద్దరూ బంతిని చెరువు దాటించే మొనగాళ్ళు. ఊరు సంబరపడింది. లైనస్ మాత్రం వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి, "ఒకడిది కుడిచేతి వాటం, ఇంకొకడిది ఎడమచేతి వాటం. వీళ్ళు నిజంగా కవలలేనా?" అని అడిగాడు. ఆ తల్లి చేతిలో అప్పుడు రొట్టెల కర్ర ఉంది. మిగతాది క్లెమ్ ఎవరికీ చెప్పలేదు.

ఇన్ని మార్పులు జరిగినా ఊరు బెంగపడలేదు. ఎందుకంటే ట్రెవర్ లూకెన్ ఉన్నాడు. వడ్రంగం చేస్తాడు, బేకరీ మీది గదిలో అద్దెకుంటాడు. కిందటేడు వాడు విసిరిన బంతులకి తొమ్మిది జట్లు తోక ముడిచాయి. ఫైనల్లో ఒక్క పరుగు తేడాతో కప్పు చేజారింది. ఆ రోజు ఊరంతా వాణ్ణి భుజాల మీద మోసుకొచ్చి, "వచ్చే ఏడాది మనదేరా!" అని అరిచింది. వాడు విసిరితేనే కప్పు, వాడు లేకపోతే ఏమీ లేదు. అది చిన్నపిల్లలకి కూడా తెలుసు.

జనవరి నెలాఖరున ఒక పొద్దున లైనస్ దాణా కొట్టులోకి వచ్చి తలుపు మూశాడు.

"ట్రెవర్ గది మెట్ల మీద మంచు చూశావా?"

"మంచేగా. అందరి మెట్ల మీదా ఉంది."

"అందరి మెట్ల మీదా అడుగులున్నాయి. వాడి మెట్ల మీద లేవు. మంచు పడి మూడ్రోజులైంది. వాడు రోజూ పనికెళ్తున్నాడు. ఎలా దిగుతున్నాడు? ఎగిరా?"

"లైనస్, వాడు మనవాడు. మనవాడి మీద కూడానా?"

"బండి తియ్యి."

సాయంత్రం ట్రెవర్ ట్రక్కు వెనకాలే వెళ్ళారు. ఊరు దాటింది, కోల్డ్‌బ్రూక్ దాటింది, చెరువులు రెండు దాటాయి. లైనస్ కళ్ళు రోడ్డు మీద లేవు, మైళ్ళు చూపే అంకెల మీదున్నాయి. ముప్పై దాటగానే ఆయన వాటి మీదికి వంగాడు. ముప్పై నాలుగు దగ్గర ట్రెవర్ ఓ పాడిపశువుల కొట్టం ముందు ఆగాడు. అది వాడి తండ్రి లియాండర్‌ది.

లైనస్ దిగి కొట్టం గోడ సందులోంచి తొంగి చూశాడు. క్లెమ్ కూడా ఆయన భుజం మీంచి చూశాడు. పాలు తీసే యంత్రం చప్పుడు చేస్తోంది. ట్రెవర్ ఆవు డొక్కకి నుదురు ఆనించి కూర్చున్నాడు. నిద్రపోతున్నాడు. ఆవు కదలకుండా నిలబడింది. వరసలో ఇంకా నలభై ఆవులు తమ వంతు కోసం చూస్తున్నాయి.

విషయం అప్పుడే పాల కోసం వచ్చిన లారీ డ్రైవర్ చెప్పాడు. అక్టోబరులో లియాండర్‌కి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది. కొడుకు రోజూ రెండు పూటలా పాలు తీసి, మధ్యలో వడ్రంగం చేస్తున్నాడు. సెయింట్ ఓడిలియాలో ఎవరికీ చెప్పొద్దన్నాడట. చెబితే ఆడొద్దంటారని కాదు, ఆడనని చెప్పే ముఖం తనకి లేదని.

తిరిగొచ్చేటప్పుడు లైనస్ మైళ్ళ అంకెల వంక కూడా చూడలేదు. క్లెమ్‌కి భయం వేసింది. "ఏదో ఒకటి అను లైనస్. కనీసం లారీ డ్రైవర్ని అనుమానించు."

మార్చిలో సంఘం సమావేశం జరిగింది. చర్చి కింది హాలు, వేయించిన చేపల వాసన, బల్లల చుట్టూ పది ఊళ్ళ మేనేజర్లు. ఏటా లైనస్ లేచి నిలబడగానే ఎవడో ఒకడు చెమట తుడుచుకుంటాడు. ఈసారీ లేచాడు.

"ఫిర్యాదు ఉంది."

ఫెడ్డర్ ఫోర్కు కింద పెట్టాడు. "ఈసారి మాలో ఎవడురా నీకు దొరికింది?"

"సెయింట్ ఓడిలియా," అన్నాడు లైనస్. "మా బంతి విసిరేవాడు ట్రెవర్ లూకెన్ ముప్పై నాలుగు మైళ్ళ దూరంలో ఉంటున్నాడు. ఆడటానికి వీల్లేదు."

సంఘం అధ్యక్షుడు చెవి తడుముకుని, "నీ మీద నువ్వే ఫిర్యాదు చేస్తున్నావా?" అన్నాడు.

"నియమానికి నా జట్టు, నీ జట్టు అని ఉండదు. రాసుకో."

ఫెడ్డర్ పక్కవాడి చెవిలో గొణిగాడు. "ఇందులో ఏదో ఉంది." లైనస్ సాంగత్యం అలాంటిది. శత్రువులకి కూడా అంటుకుంది.

ఊరు భగ్గుమంది. బేకరీలో లైనస్‌కి నిన్నటి రొట్టె ఇచ్చారు. ఆయన దాన్ని మొన్నటిదని అనుమానించి వాసన చూశాడు. మంగలి సగం గడ్డం గీసి పంపించాడు. క్లెమ్‌కి కూడా ఒళ్ళు మండింది.

"నువ్వు మనిషివేనా? వాడి అవస్థ కళ్ళారా చూశావు. జాలి పడాల్సింది పోయి బయటికి గెంటేస్తావా?"

"ముప్పై ఏళ్ళుగా అందరి దుప్పట్లూ ఎత్తి చూశాను. నా వాడి దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకోమంటావా?"

"మూసుకోమంటాను!"

లైనస్ టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ వారం తర్వాత ఊళ్ళోనే కనిపించలేదు. మార్సెల్లాని అడిగితే, "చెల్లెలి ఇంటికి వెళ్ళారు" అంది.

క్లెమ్‌కి తెలుసు, లైనస్‌కి చెల్లెలు లేదు. మొదటిసారి క్లెమ్‌కి అనుమానం పుట్టింది. కొట్టు మూసి ట్రక్కు ఎక్కాడు. ఎటు పోవాలో బండికే తెలిసినట్టు ముప్పై నాలుగు మైళ్ళు పోయి ఆగింది.

కొట్టంలో లైనస్ మోకాళ్ళ దాకా బూట్లు వేసుకుని ఆవుకి యంత్రం తగిలిస్తున్నాడు. పక్కనే కుర్చీలో లియాండర్ లూకెన్ ముఖం కందగడ్డలా చేసుకుని కూర్చున్నాడు. క్లెమ్ గోడ సందు దగ్గర నిలబడ్డాడు.

"ఎడమ చెయ్యి లేవదన్నావు?" అడుగుతున్నాడు లైనస్.

"లేవదు."

"నెత్తిన టోపీ ఎవరు పెట్టారు?"

"మా ఆవిడ."

"మీ ఆవిడది కుడిచేతి వాటం. ఎదురుగా నిలబడి పెడితే ఇటు వాలాలి. అటు వాలింది. ఇందులో ఏదో ఉంది."

"నీ తలకాయ ఉంది!"

"పని తప్పించుకోడానికి నాటకాలాడుతున్నావు లియాండర్. నేనెంతమంది దొంగల్ని చూశాను!"

"నలభై ఏళ్ళు తెల్లారకముందే లేచి పాలు పిండినవాణ్ణి పట్టుకుని దొంగంటావురా, ముసలి గూబా!" లియాండర్ పక్కనున్న తడిగుడ్డ అందుకుని విసిరాడు. ఎడమ చేత్తోనే. అది లైనస్ దాకా పోలేదు, కుర్చీకి రెండడుగుల అవతల పడింది.

"నిన్న విసిరిన గుడ్డ కుర్చీ దాటలేదు," అన్నాడు లైనస్ ఆవుతో చెబుతున్నట్టు. లేచి వెళ్ళి ఆ గుడ్డ తీసి, మడిచి, మళ్ళీ లియాండర్ ఎడమ చేతి పక్కనే పెట్టాడు. "జబ్బు మనిషి ఇంత దూరం విసురుతాడా? నేను నమ్మను."

వాకిట్లో ట్రెవర్ ఎదురయ్యాడు. బుగ్గలు కాస్త నిండాయి.

"ఆవుల దగ్గర ఉండాల్సినవాడివి, ఇక్కడేం చేస్తున్నావురా?" అన్నాడు క్లెమ్.

"ఆదివారం కదా, నాన్నని చూడ్డానికి వచ్చాను. ఉండటం మళ్ళీ బేకరీ మీదే. లైనస్ గారు నన్ను తరిమేశారు. మీ నాన్న మీద నాకు అనుమానంగా ఉంది, దగ్గరుండి కనిపెడతాను, నువ్వు అడ్డు రాకు అన్నారు." వాడు మంచు తన్నుతూ నిలబడ్డాడు. "సంఘం నన్ను తీసేసిందని తెలిసిన రోజు ఎలా పడుకున్నానో తెలుసా? అక్టోబరు తర్వాత అంత నిద్ర పోలేదు. నేను మానేస్తానని చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ఇప్పుడిక మళ్ళీ ఆడమన్నా ఆడగలను."

క్లెమ్ కొట్టంలోకి వెళ్ళాడు. లైనస్ తల తిప్పకుండానే, "చప్పుడు లేకుండా వచ్చాననుకున్నావా? నీ ట్రక్కు మఫ్లరు కోల్డ్‌బ్రూక్ నుంచి వినిపించింది" అన్నాడు.

"నాకు ముందే చెప్పొచ్చుగా."

"నీకు చెబితే ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలిస్తే అందరూ కూరలు వండి పట్టుకొస్తారు, ఈయన చుట్టూ చేరి అయ్యో పాపం అంటారు. అయ్యో పాపం అంటే చెయ్యి లేస్తుందా? ఆ బకెట్ అందుకో."

మే నెలలో సంఘం ట్రెవర్ కాపురం చూసొచ్చి, వాడు ఆడొచ్చని తేల్చింది. కవలలు బంతులు చెరువు దాటిస్తున్నారు. ఊరికి మళ్ళీ ఊపిరొచ్చింది. సరిగ్గా అప్పుడే ఫెడ్డర్ ఫిర్యాదు పెట్టాడు. ఆడేవాడికే కాదు, ఆడించేవాడికీ ముప్పై మైళ్ళ నియమం వర్తిస్తుందనీ, సెయింట్ ఓడిలియా మేనేజర్ ముప్పై మూడు మైళ్ళ అవతల నిద్రపోతున్నాడనీ.

క్లెమ్ ఆ కబురు పట్టుకెళ్తే లైనస్ ముఖం వెలిగిపోయింది. "ఫెడ్డరే కనిపెట్టాడా? స్వయంగా వచ్చి చూశాడా? పర్లేదు, నేర్చుకుంటున్నాడు. కానీ ముప్పై మూడు కాదు, ముప్పై నాలుగు. సరిగ్గా కొలుచుకోమను."

"అంటే నువ్వు ఆడించడానికి వీల్లేదు. ముప్పై ఏళ్ళలో ఒక్క ఆట తప్పలేదు నువ్వు!"

"నువ్వున్నావుగా."

"నాకు జట్టు నడపడం రాదు లైనస్."

"రాదని నాటకాలాడుతున్నావు," అన్నాడు లైనస్. క్లెమ్ ఆ రాత్రే ఆటగాళ్ళ వరస రాయడం మొదలెట్టాడు.

లియాండర్ మళ్ళీ పాలు తియ్యడానికి జులై నెలాఖరు దాకా పడుతుందని డాక్టరు అన్నాడు. ఆ మాట విని లియాండర్ కుర్చీలోంచి తనంతట తానే లేచాడు. "జులైయా? ఈ గూబ మనిషిని జులై దాకా నా కొట్టంలో భరించాలా? జూన్ ఇరవైకల్లా పిండుతాను, చూస్తూ ఉండండి!" అని ఎడమ చెయ్యి బల్ల మీద గుద్దాడు. కాఫీ కప్పు ఎగిరి పడింది.

అందుకే ఇప్పుడు సెయింట్ ఓడిలియా ఆటస్థలం గేటు మీద మార్సెల్లా స్వహస్తాలతో రాసిన పలక ఒకటి వేలాడుతోంది. మేనేజర్ లైనస్ వెబర్ తిరిగి వచ్చేది జూన్ ఇరవై ఒకటి, ఆదివారం.