అక్టోబరులో ఎంచుకున్న మొక్కలు

పొద్దున్నే వెనక తలుపు తీస్తే బంతిమొక్కలు నల్లబడి వాలిపోయి ఉన్నాయి. రాత్రి తొలి మంచు పడింది. వంగి ఒక ఆకు నలిపాను. మంచుకు చచ్చిన బంతి ఆకు వాసన వేరు. ఘాటు అలాగే ఉంటుంది, దానికి తడిగడ్డి మగ్గిన వాసన తోడవుతుంది. అది ముక్కుకు తగిలితే కంచె అవతల ఇందిరక్క ఉన్నట్టే అనిపిస్తుంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు మంచివాళ్ళే, కాదనను. కానీ పెరడంతా గులకరాళ్ళు పరిచారు. రాళ్ళతో నాకు మాటలేముంటాయి?

ఇందిరక్కది వరంగల్, నాది తెనాలి. ఆమె ఇక్కడికి దగ్గర్లోని కనాటా అనే ఊళ్ళో టెలికాం ఇంజనీరుగా పనిచేసి, రిటైరయ్యాక ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. మేము పక్కిల్లు కొన్న తొలి వేసవికి ముందు, మే నెలలో, నేను నర్సరీ నుంచి కారు నిండా పూలమొక్కలు తెచ్చి దింపుతున్నాను. ఆమె కంచె మీద చేతులానించి చూస్తోంది. పలకరింపు కూడా లేదు.

"పెండ్లిచూపులకు పోయొచ్చినవా?"

"అదేం మాటండీ?"

"మే నెలల ఏ మొక్కైనా పౌడర్ రాసుకొని కూసుంటది. అక్టోబర్ల పోయి చూడాలె. ఆకు రాలిపోయేముందు ఎట్లుంటదో చూసి తెచ్చుకోవాలె."

నేను ఊరుకునే రకం కాదు. పోయేముందు అందంగా ఉంటే ఎవరికి లాభమని అడిగాను. ఇంటిముందు పండుటాకు కనిపించకూడదని మా అమ్మ మాట. అందుకే అక్టోబరు మాటెత్తిన ఆమె మీద పంతంతో, చలికాలమంతా పచ్చగా ఉండే సీడార్లు తెచ్చి వరసగా నాటించాను. ఆమె వచ్చి వరస ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. "గోడ మంచిగనే కట్టినవ్. తలుపెప్పుడు పెడ్తవ్?" అని వెళ్ళిపోయింది. నాకు వారం రోజులు ఒళ్ళు మండింది.

అక్టోబరులో తనే నన్ను నర్సరీకి తీసుకెళ్ళింది. అప్పుడు తెలిసింది ఆమె లెక్క. ఆమె పెరడు రంగు తిరగాల్సింది ఈ దేశపు కాలెండరును బట్టి కాదు, బతుకమ్మను బట్టి. పంచాంగం ఒక ఏడు పండుగను ముందుకు లాగుతుంది, అధికమాసం వస్తే వెనక్కి తోస్తుంది. అందుకని ప్రతి రంగులోనూ తొందరగా పండేది ఒకటి, ఆలస్యంగా పండేది ఒకటి వెతికేది. బంతి, గునుగు వేసవిలో నారు పోసుకునేది. పొదలు మాత్రం అక్టోబరులోనే. కుండీని ఎండకేసి తిప్పి, ఆకు వెనకవైపు నుంచి వెలుగు ఎలా వస్తుందో చూసేది. బ్లూబెర్రీ పొదను పండు కోసం కాదు, ఆకు కోసం కొన్న మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. నిప్పులా ఎర్రబడే ఇంకో పొద నాకు నచ్చితే చేయి పట్టి ఆపింది.

"అది వద్దు. దాని గింజలు పిట్టలు అడవిల పడేస్తయ్. అక్కడ ఇంకోటి మొలవనియ్యదది. నా పండుగ కోసం వీళ్ళ అడవి కరాబు చేస్తనా?"

"ఒక్క మొక్కతో అడవి పాడవుతుందా అక్కా?"

"నీ అసుంటోళ్ళు అందరు ఒక్కటే తెచ్చుకుంటరు."

ఆ తర్వాతి సంవత్సరాల్లో చదువుకోవడానికి వచ్చిన పిల్లలతో మా వీధి బేస్‌మెంట్లన్నీ నిండిపోయాయి. ఇందిరక్క కింది గదుల్లో కరీంనగర్, నిజామాబాద్ అమ్మాయిలుండేవారు. క్లాసుల నుంచి ఒకరు, కాఫీషాపు షిఫ్టు నుంచి ఒకరు వచ్చి, యూనిఫారాల మీదే పెరట్లో చేరి బతుకమ్మ చుట్టూ తిరిగేవారు. పాట ఆమెది, చప్పట్లు అందరివీ. నాకు పాటలు రావు. రాకపోయినా అడుగు తప్పితే ఆమె ఊరుకోదు.

చివరి ఏడు ఆమె ఇల్లు అమ్మేసింది. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు. మాంట్రియల్‌లో చెల్లెలి దగ్గర ఒక అపార్ట్‌మెంటు చూసుకుంది. అక్కడ బాల్కనీ ఉంది, మట్టి లేదు. "నా మట్టిల పూసిన పూలతోని ఆఖరుసారి పేర్చుకొని పోత" అని ఎండాకాలమంతా అంది. ఆ ఏడు అధికమాసం, పండుగ ఆలస్యం. సద్దుల బతుకమ్మ ముందురోజు రాత్రి గట్టిగా మంచు పడింది. దుప్పట్లు కప్పినా ఆగలేదు.

తెల్లారి ఏం చెప్పి ఓదార్చాలా అనుకుంటూ వెళ్ళాను. బంతి, గునుగు ఉడికించినట్టు నల్లగా పడున్నాయి. ఆమె వాటివైపు చూడటం లేదు.

"షాపులో చామంతులు తెస్తానక్కా."

"వద్దు. కొన్న పూలతోని చానా ఏండ్లు చేసిన. ఆకులున్నయ్ గద."

"బతుకమ్మంటే పూలేనని ఇన్నేళ్ళు నాతో కొట్లాడింది మీరేగా?"

"వచ్చిందమ్మా లాయరు. కత్తెర పట్టుకో."

బ్లూబెర్రీ ఎరుపు, బర్చ్ చెట్టు పసుపు, మేపుల్ నారింజ. ఆకులను పొట్లాల్లా చుట్టి పుల్లలు గుచ్చి వరసలు పేర్చాం. పైన పసుపు గౌరమ్మను పెట్టాక, "ఫోటోలు మీ అమ్మలకు పంపకున్రి, తిడ్తరు" అని అమ్మాయిలను హెచ్చరించింది. "ఆల్రెడీ పంపేసినం ఆంటీ" అందొక పిల్ల. "ఏమన్నరు?" అని అడిగినప్పుడు ఆమె గొంతులో బెదురు నేను విన్నది ఆ ఒక్కసారే. "మస్తుగుందట. మా అమ్మ ఏడుస్తుంది." ఇందిరక్క ముఖం తిప్పుకొని పాట ఎత్తుకుంది. పాట మధ్యలో ఆగిపోతే, రాని పాటను నేను అందుకున్నాను. తప్పులు పాడాను. మొదటిసారి దిద్దలేదు.

సాయంత్రం దాన్ని నీళ్ళలో వేయలేదు. బ్లూబెర్రీ పొద మొదట్లో పెట్టి, "దీని ఆకు దీనికే" అంది.

మాంట్రియల్ వెళ్ళాక రెండో చలికాలం దాటలేదు ఇందిరక్క. నా సీడార్లలో కొన్ని తీయించాను. ప్రతి అక్టోబరులో నర్సరీకి వెళ్తాను, కుండీని ఎండకు తిప్పి చూస్తాను, పంచాంగం లెక్కలు వేస్తాను. ఆఫీసులో, ఇంట్లో నా నోటికి జడిసి అందరూ అన్నిటికీ సరేనంటారు. మొన్న రెండు పొదలు చేతుల్లో పట్టుకొని ఏది తీసుకోవాలని మా ఆయన్ని అడిగాను. "నీ ఇష్టం" అన్నాడు. రెండూ బాగానే ఉన్నాయి. అయినా వద్దనే మనిషి కోసం చాలాసేపు అక్కడే నిలబడ్డాను.