‘బాగుంది’ చెల్లని గ్యారేజీ

నిన్న ఆరేసిన తువ్వాలు ఈ ఉదయానికీ ఆరలేదు. మేముండే క్రెయిగీబర్న్‌లో చలికాలం ఏదీ ఓ పట్టాన ఆరదు. ఆ చల్లటి తడి వాసన ముక్కుకు తగలగానే వసుంధర ఆంటీ గ్యారేజీలో నిలబడ్డట్టయింది. కొందరికి మల్లెపూలు చూస్తే మనుషులు గుర్తొస్తారు. నాకు ఆరని తువ్వాళ్లు. ఎవరి ప్రాప్తం వాళ్లది.

ఆంటీ మా పక్కింటావిడ. ముప్పై ఏళ్లు ఆసుపత్రి ల్యాబ్‌లో సూక్ష్మజీవులతో పనిచేసి రిటైరయ్యారు. అలవాటు పోక ఇంట్లో ఈస్టును పెంచి బీరు చేసేవారు. అందులోనూ లాగర్. ఇళ్లలో చేసే మామూలు బీరు గది వేడికే పులుస్తుంది. లాగర్‌కు వారాల తరబడి పది, పన్నెండు డిగ్రీల చలి కావాలి. అందుకని జనం దానికో ఫ్రిజ్ కొంటారు. ఆంటీ మాత్రం టబ్బులో నీళ్లు పోసి, అందులో బీరు డ్రమ్ము నిలబెట్టి, తడి తువ్వాలు చుట్టి, పొద్దునా సాయంత్రం గడ్డకట్టిన నీళ్ల సీసాలు మార్చేవారు. "కూజా చేసే పనేగా ఇది," అనేవారు. థర్మామీటరు ఎప్పుడు చూసినా పదకొండు. మా ఆఫీసు ఏసీకి అంత నిలకడ లేదు.

ఓ జ్వరం తర్వాత ఆంటీకి వాసన పూర్తిగా పోయింది. చేదూ పులుపూ నాలుకకు తెలుస్తాయి, అంతే. ఆ జూన్‌లో, ఈ దేశంలో చలికాలం మొదలయ్యే నెలలో, నన్ను పిలిచి చిన్న గ్లాసు చేతికిచ్చారు.

"ఇకమీద నా ముక్కువి నువ్వేరా కిరణ్. ఈ చలికాలం కుదిరిందా సరే, లేదా డ్రమ్ము ఎవరికైనా ఇచ్చేస్తా."

వాసన చూశాను. సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద పోసే వెన్న. ఆంటీ ముఖం చూశాను. పెద్దవాళ్లు ఏం పెట్టినా తెలుగువాడు అనేదే అన్నాను.

"బాగుంది ఆంటీ."

"బాగుందంటే?"

"చాలా బాగుంది."

నా మాట నమ్మి సీసాల్లో నింపారు. నెల తర్వాత ఆవిడ పాత సహోద్యోగి ఒకాయన వచ్చి, ఒక గుక్క తాగి, "ఇందులో వెన్న కలిపావా?" అని నవ్వాడు. ఆయన వెళ్లాక ఆంటీ నా వైపు తిరిగారు.

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు ఆంటీ. మీరు బాధపడతారని..."

"పడితే నేను పడతాను. ఆ ఉద్యోగం నీకెవరిచ్చారు? అప్పుడే చెప్పుంటే మూడ్రోజులు కాస్త వెచ్చగా ఉంచేదాన్ని. ఈస్టే ఆ వెన్నను తినేసేది."

ఒక్కో సీసా తీసి సింకులో వంచారు. నేను ఒక జోకు మొదలుపెట్టి మధ్యలో మింగేశాను. దాని రుచీ అంతంతమాత్రమే.

డ్రమ్ము పోయిందనే అనుకున్నాను. కానీ చలి ఇంకా నెల మిగిలి ఉంది. ఆంటీ మళ్లీ నింపారు. రెండు వారాలకు గ్లాసు ఇస్తూ షరతు పెట్టారు. "బాగుంది, బాలేదు, ఈ రెండూ ఇక్కడ చెల్లవు. ఏముందో చెప్పు."

"వెన్న. పోయినసారంత లేదు. కానీ ఉంది."

ఆవిడ ముఖంలో బాధ కోసం వెతికాను. "చూస్తావేంరా, అటు పట్టు!" అన్నారు. ఇద్దరం డ్రమ్మును కాస్త వెచ్చగా ఉండే లాండ్రీ గదిలోకి మోశాం. నాలుగో రోజు గ్యారేజీలో మళ్లీ గ్లాసు. వెన్న లేదు.

"మరి ఏముంది?"

జీవితంలో మొదటిసారి మాట కోసం ఆలోచించాను. "ఎండుగడ్డి... దాని వెనక కాల్చిన బ్రెడ్డు అంచు. కాస్త తేనె, వాసన మటుకే."

ఆంటీ ఒక గుక్క నోట్లో ఉంచుకుని కళ్లు మూసుకున్నారు. నా మాటల్ని ఒక్కొక్కటిగా లోపల వెతుక్కుంటున్నట్టు తల ఊపారు. "ఆఁ... బ్రెడ్డు. దొరికిందిరా," అన్నారు. వాసన తెలియని మనిషి నా మాట పట్టుకుని వాసన దాకా వెళ్లొచ్చింది. చెత్త డబ్బాల పక్కన నిలబడి అంత గొప్ప సంగతి చూస్తానని నేననుకోలేదు. డ్రమ్ము ఎక్కడికీ పోలేదు. మరో నాలుగు చలికాలాలు నిండుతూనే ఉంది.

ఆంటీ పోయి ఏడాదైంది. పోయిన నెల ఆఫీసులో ఒక కుర్రాడు ప్రమోషన్ కోసం రాసుకున్న లేఖ చూపించి ఎలా ఉందన్నాడు. "మూడో వాక్యంలో భయపడ్డావు," అన్నాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు ఆ వాక్యం మార్చి తెచ్చి, నా బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడ్డాడు. కుర్చీ చూపించి, మొదటి నుంచీ నెమ్మదిగా చదివాను.