సేఫ్టీ సారు ఎక్కని బస్సు

ఒక రవాణా ప్రమాదం గురించి చెబుతాను. అందులో బస్సు దేన్నీ గుద్దుకోలేదు, టైరు పేలలేదు, ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. అయినా ఒక పెళ్లి ఆగిపోయినంత పనైంది. దానికి కారణం డ్రైవరూ కాదు, రోడ్డూ కాదు. బస్సులు భద్రంగా నడవాలని కంపెనీ జీతమిచ్చి మరీ పెట్టుకున్న మనిషి. అంటే సాక్షాత్తూ నేనే.

కరోనా కాస్త నెమ్మదించి, మాస్కులు మాత్రం ఇంకా ముఖాలు వదలని రోజులవి. అబుదాబీలో ఒక నిర్మాణ కంపెనీలో రవాణా సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. కాకినాడలో చేసిన డిప్లొమా, విశాఖలో సంపాదించిన కాస్త అనుభవం, నెత్తిన తెల్ల హెల్మెట్. ఆ హెల్మెట్ పెట్టుకుని అద్దంలో చూసుకుంటే, ఈ దేశంలోని రోడ్లన్నీ ఇన్నాళ్లూ నాకోసమే ఎదురుచూస్తున్నాయా అనిపించింది. నవ్వకండి. మొదటి పెద్ద ఉద్యోగంలో మీరూ ఇంతో అంతో ఇలాగే ఉండుంటారు.

మా కూలీల క్యాంపు ఊరి బయట ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో ఉండేది. తెల్లవారకముందే ఆ వీధిలో బస్సులు బారులు తీరేవి. మా కంపెనీదే కాదు, చుట్టుపక్కల కంపెనీలన్నిటివీ. అన్నీ తెల్లవే, అన్నిటికీ అదే దుమ్ము. అందుకని మావాళ్లు గుర్తుకోసం మా బస్సు ముందు అద్దానికి ఒక ఎర్రగుడ్డ కట్టుకున్నారు. నేను వచ్చీ రాగానే నా కన్ను దాని మీద పడింది.

"డ్రైవరు చూపుకి అడ్డం. వెంటనే తీసెయ్యండి" అన్నాను.

మా ఫోర్మన్ మల్లేశంది జగిత్యాల దగ్గర ఊరు. నెమ్మదస్తుడు. "గది లేకుంటె మనోళ్లు బండి గుర్తువట్టరు సారూ. అన్నీ ఒక్క తీర్గనే ఉంటయి" అన్నాడు.

"ఒక్క తీరుగా ఎందుకుంటాయి? కళ్లు పెట్టి చూస్తే ఏ బస్సు ఏదో తెలీదూ?"

ఈ ముక్క అన్నది నేనే. దయచేసి గుర్తుంచుకోండి.

గుడ్డ పోయింది. తర్వాత నియమాలు వచ్చాయి. అందరూ బెల్టు పెట్టుకోవాలి. హారన్ కొట్టకూడదు. ఎక్కాల్సిన వాళ్లలో ఒక్క మనిషి తక్కువున్నా బండి కదలకూడదు. నేను రాసి ఇస్తే తప్ప దారి మార్చకూడదు. మనిషి తక్కువైతే కదలొద్దన్న నియమం మాత్రం ఊరికే పెట్టలేదు. వేసవిలో ఒక కుర్రాడు సైటులో నీడపట్టున నిద్రపోతే, వాణ్ని అక్కడే వదిలేసి బస్సు వచ్చేసిందట. ఆ ఎండలో వాడి పరిస్థితి విని నాకు నిజంగా భయం వేసింది. డ్రైవరు గుల్ జమాన్‌ని పిలిచి, మళ్లీ ఇలా జరిగితే నీ ఉద్యోగం ఉండదని గట్టిగా చెప్పాను. పెషావరు వైపు నుంచి వచ్చిన పఠాను ఆయన. గడ్డం నిమురుకుంటూ "జీ సాబ్" అన్నాడు. అన్నమాట మీద నిలబడే మనిషని నాకప్పుడు తెలీదు.

ఇక పెళ్లికొడుకు. మెట్‌పల్లి దగ్గరి గంగాధర్ మా బస్సులోనే సైటుకి వచ్చే మేస్త్రీ. పెళ్లి రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి విమానాలు ఆగిపోయాయి. రెండోసారి టికెట్ చేతిలో ఉండగా అతనికే కరోనా వచ్చింది. మూడో ముహూర్తం కుదిరింది. ఆ రోజు పొద్దున అందరితో పాటు బస్సులో సైటుకి వచ్చి, అక్కణ్నించి కంపెనీ కారులో విమానాశ్రయానికి వెళ్లాలి. మర్నాడే పెళ్లి.

అదే రోజున నేను బస్సులో స్వయంగా ప్రయాణం చేసి తనిఖీ చేయాలని సంకల్పించాను. ఎక్కాల్సిన వాళ్ల లెక్కలో నా పేరూ ముందురోజే మల్లేశం చేత రాయించాను.

ఇంకా చీకటిగానే ఉంది. బారులో ఉన్న బస్సుల్లో మాది చూసుకుని, కళ్లు పెట్టి మరీ చూసుకుని, ఎక్కాను. లోపల డ్రైవరుతో సహా అందరికీ మాస్కులు. ఒక్కడికీ బెల్టు లేదు. నాకు పూనకం వచ్చింది. బెల్టు గురించి, బ్రేకు గురించి, ఇంటి దగ్గర ఎదురుచూసే పెళ్లాం పిల్లల గురించి వచ్చీ రాని హిందీలో దంచేశాను. ఆశ్చర్యం! బస్సంతా టకటకా బెల్టులు పెట్టుకుంది. ఒక్కడు గొణగలేదు, ఒక్కడు నవ్వలేదు. మావాళ్లయితే ఈపాటికి వెనక సీట్లోంచి ఏదో ఒక జోకు వినిపించాలి. నా శిక్షణ ఫలించిందని పొంగిపోయాను. "యల్లా" అన్నాను డ్రైవరుతో. బస్సు కదిలింది. బస్సులో ఫోను చూడకూడదన్నది కూడా నా ఉపదేశమే కాబట్టి, ఆదర్శంగా ఉండాలని నా ఫోను నోరు నొక్కి సంచిలో పడేసి, తృప్తిగా కళ్లు మూసుకున్నాను.

మంచి నిద్ర. మెలకువ వచ్చేసరికి ఎండ వచ్చేసింది. కిటికీలో మా సైటు లేదు, అసలు అబుదాబీయే లేదు.

పక్క సీటాయన్ని హిందీలో అడిగాను, ఎక్కడికొచ్చామని. నా యాస పట్టేశాడు. "ఉమ్ అల్ క్వైన్ దగ్గరికొచ్చినాం బాబూ" అన్నాడు తెలుగులో. శ్రీకాకుళం మనిషి, పేరు అప్పన్న.

"ఉమ్ అల్ క్వైనా! అబుదాబీ దాటి ఇంకో ఎమిరేటుకే వచ్చేశామా! ఇది ఏ కంపెనీ బస్సు?"

ఆయన చెప్పిన పేరు నేనెప్పుడూ వినలేదు.

సంచిలోంచి ఫోను తీశాను. మల్లేశం ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు. తిరిగి చేశాను.

"సారూ, ఏడున్నరు? బండి కదుల్తలేదు!"

"ఏం, పాడయిందా?"

"పాడుగాలే. మీరు ఎక్కలే గద! ఒక్క మనిషి తక్కువున్నా కదలొద్దని మీరే జెప్పిన్రు. గుల్ జమాన్ తాళంచెవి జేబుల ఏస్కొని కూసున్నడు."

"ఇంతసేపా! సైటు ఇంజనీరు అడగలేదా?"

"అడిగిండు. సేఫ్టీ ప్రాబ్లం అన్న. గా మాట ఇనంగనే ఫోన్ వెట్టేసిండు."

అప్పుడు గుర్తొచ్చింది పెళ్లికొడుకు. ఫోను గంగాధర్‌కి ఇవ్వమన్నాను.

"సారూ, సైటుల కారు నాకోసం సూసి సూసి ఎల్లిపోయిందట. టాక్సీ పిలిస్తె ఈడిదాంక ఒక్కటి సుత వస్తలేదు" అన్నాడు. "ఇంటికి ఏమని జెప్పాలె? మొదటిపారి ఇమానాలు బంద్ అన్న. రెండోపారి కరోనా అన్న. ఇప్పుడు మా సారు తప్పిపోయిండంటె పిల్లనిచ్చెటోళ్లు నమ్ముతరా?"

విమానాలనీ మహమ్మారినీ దాటుకుని వచ్చిన మనిషికి నేను అడ్డం పడ్డాను.

"బస్సు సైటుకొద్దు, నేరుగా విమానాశ్రయానికి తిప్పండి!" అని అరిచాను.

అవతల గుల్ జమాన్ గొంతు ప్రశాంతంగా వినిపించింది. "సాబ్, రాస్తా బదల్‌నే కో లిఖ్‌కే దేనా. ఆప్‌కా కాయదా హై."

దారి మార్చాలంటే రాసివ్వాలి, నా నియమమే. సంచిలో పెన్ను ఉంది, కాగితం లేదు. అప్పన్న తను తెచ్చుకున్న రొట్టెలు చుట్టిన కాగితం విప్పి ఇచ్చాడు. నూనె లేని చోట చూసుకుని అనుమతి రాసి, సంతకం పెట్టి, ఫొటో తీసి పంపాను. ఆ తర్వాత చాలాసేపు ఫోనును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

ఆ ఖాళీలో అప్పన్నని అడిగాను. "నేను మీ బస్సు మనిషిని కాదని తెలుసుకదా, ఎక్కినప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"తెల్లటోపీ వోళ్లని ఎందుకెక్కినారని అడుగుతామేటి బాబూ? మమ్మల్ని ఏ బస్సెక్కమంటే ఆ బస్సెక్కుతాం. మిమ్మల్నీ ఎవులో ఎక్కమనుంటారనుకున్నాం."

ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు, ఉన్నమాట చెప్పాడు. నాకు సిగ్గేసింది. పొద్దున నన్ను మురిపించిన ఆ క్రమశిక్షణ బెల్టు మీద నమ్మకం కాదు, టోపీ అంటే భయం. నేను వాళ్లని బస్సుతో సహా సముద్రంలోకి పదండన్నా బెల్టులు పెట్టుకుని వచ్చేవాళ్లేమో. ఎవరూ ప్రశ్నించని చోట భద్రత ఎలా ఉంటుంది? నా డిప్లొమాలో ఈ పాఠం లేదు.

నేను తిరిగి రావడం ఇంకో కథ. అప్పట్లో వేరే ఎమిరేట్ నుంచి అబుదాబీలోకి రావాలంటే కరోనా పరీక్ష తప్పనిసరి. ఆ వరసలో నిలబడి ఉండగా మల్లేశం ఫోను చేశాడు.

"కౌంటర్ బంద్ జేస్తుండంగ గంగాధర్ ఉరికిండు సారూ. లోపటికి వోయిండు!"

కళ్లలో నీళ్లు తిరిగాయి. పరీక్ష చేసే నర్సు, ఇంకా ముక్కులో పుల్ల పెట్టలేదు కదా అన్నట్టు చూసింది.

"అందరం దిగి, బరాత్ లెక్క లోపటి దాంక సాగనంపినం. గుల్ జమాన్ అయితె తొవ్వ పొడుగూత హారనే!"

హారన్ నియమం ఒక్కటే ఆయన తప్పాడు. క్షమించాను.

మా ముదీర్, అంటే మేనేజరు, మాత్రం నన్ను క్షమించలేదు. సగం పూట పని పోయినందుకు అరబ్బీలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించాడు. అంతా విని, ఒకే ఒక్క కొత్త నియమం పెట్టాను: సేఫ్టీ ఆఫీసరు తప్పు చేస్తున్నట్టు ఎవరికి కనిపించినా మొహం మీదే చెప్పాలి. నేను పెట్టిన వాటన్నిటిలో మావాళ్లకి నచ్చిన నియమం అదొక్కటే.

మర్నాడు పొద్దున ఒక్కో బస్సు దగ్గర డ్రైవరు ముఖం చూసుకుంటూ, గుల్ జమాన్ గడ్డం ఖాయం చేసుకుని మా బస్సెక్కాను. ఎక్కగానే వెనక సీట్లోంచి ఎవరో గంభీరంగా అన్నారు.

"సారూ, తప్పు బండెక్కిన్రు. గిది మనది గాదు."

గాభరాగా కిందికి దూకేశాను.

లోపల బస్సు దద్దరిల్లేలా నవ్వారు. అరక్షణంలో నాకూ విషయం అర్థమై, రోడ్డు మీదే నిలబడి నవ్వాను. ముందురోజు ఆ బస్సులో విన్న నిశ్శబ్దం కన్నా ఈ నవ్వు వెయ్యి రెట్లు భద్రంగా అనిపించింది.

కాబట్టి, పాఠకుల సాక్షిగా, ఐకాడ్ వీధిలోని తెల్ల బస్సులన్నిటి మీదా ఒట్టు. ఇకమీదట ఏ బస్సు ఎక్కినా "బాబూ, ఇది ఎవరి బస్సు, ఎక్కడికి పోతుంది" అని అడగనిదే కూర్చోను. లోపలివాళ్లు మాట్లాడకుండా బెల్టులు పెట్టుకున్నారంటే మాత్రం, ఆ క్షణమే దిగి పారిపోతాను.