రుమాలు తీసి కూర్చున్న మనిషి

రాయ్‌పూర్ పండరీ బజార్లో గంగాభవాని పనిచేసే బట్టల షాపులో కుర్చీలకు కొదవ లేదు. అన్నీ కొనేవాళ్ళవి. అమ్మేవాళ్ళు కూర్చుంటే షాపులో బేరాల్లేవని బజారు అనుకుంటుందట, సేఠ్ సిద్ధాంతం. అందుకని షట్టరు లేచింది మొదలు ఆమె నిలబడే చీరలు విప్పుతుంది, నిలబడే మడత పెడుతుంది, మధ్యాహ్నం గోడౌన్ మెట్ల దగ్గర నిలబడే టిఫిన్ డబ్బా ఖాళీ చేస్తుంది. ముప్పై అయిదేళ్ళకే పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బాయి. డాక్టరు "కూర్చోండి" అన్నాడు. ఎక్కడో చెప్పలేదు.

ఇంటికి పోతే పొయ్యి. ఇక మిగిలింది రైలు.

ఆమె తాత పలాస వైపు నుంచి పట్టాలు బిగించే గ్యాంగులో కూలీగా వచ్చినవాడు. తండ్రి అదే రైల్వేలో జెండా ఊపి ఊపి రిటైరయ్యాడు. ఆ పట్టాల మీద నడిచే లోకల్లో మనవరాలికి కూర్చునే చోటు లేదు.

సాయంత్రం రాయ్‌పూర్ స్టేషన్లో లోకల్ ఖాళీగానే వచ్చి ఆగుతుంది. ఖాళీ అంటే మనుషులు ఉండరని. రుమాళ్ళుంటాయి. రోజూ వచ్చిపోయే ఆఫీసు ముఠాలో ఒకడు ముందుగా వచ్చి కిటికీ ఊచల సందులోంచి రుమాళ్ళు విసురుతాడు. రుమాలు పడితే సీటు పడ్డట్టే. దాని సొంతదారు చాయ్ తాగి, పాన్ కట్టించుకుని, బండి కదలబోతుంటే వచ్చి కూర్చుంటాడు. అంతదాకా ఆ గుడ్డముక్క ముందు జనం గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడతారు. ఈ చట్టం ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద. నిలబడ్డవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఫోన్ చూస్తారు. ఫోన్ లేనివాళ్ళు ఫ్యాను చూస్తారు. ఆడవాళ్ళ డబ్బా ఆ చివరెక్కడో. ఆ కాళ్ళతో ఆమె అంతదూరం చేరేసరికి అదీ నిండిపోతుంది.

ఆరేళ్ళు గంగాభవాని కూడా ఫ్యానే చూసింది. ఒక పెళ్ళిళ్ళ సీజన్లో, లెహంగాలు ఎత్తి దించి ఎత్తి దించి వచ్చిన సాయంత్రం, కాళ్ళు ఇక మాట వినలేదు. కిటికీ పక్క సీటు మీద గళ్ళ రుమాలు ఉంది. తీసింది. షాపు చేతులు కదా, దులిపి, అంచులు కలిపి, నాలుగు మడతలు వేసి కిటికీ గట్టు మీద పెట్టింది. కూర్చుంది.

చుట్టూ నిలబడ్డవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. పిడుగు పడే చోట తామెందుకని.

రుమాలు తివారీది. ఏదో సర్కారీ దఫ్తర్లో పెద్ద గుమాస్తా. పాన్ బుగ్గన పెట్టుకుని వచ్చి, ముందు ఆమెను చూశాడు, తర్వాత సీటు నంబరు తప్పు చదివినవాడిలా చుట్టూ చూశాడు.

"మేడమ్, రుమాలు కనపడలేదా?" అన్నాడు హిందీలో.

"కనపడింది. మడిచి పెట్టాను, తీసుకోండి."

"అది నా సీటు."

"మీరు చాయ్ దగ్గరున్నారు. ఇక్కడ రుమాలే కూర్చుంది. దానికి కాళ్ళ నొప్పులుండవు కదా."

ముఠాకి అసలు చిక్కు వేరే. ఎదురెదురుగా నలుగురి మోకాళ్ళ మీద తువ్వాలు పరిచి పేకాడే చోటు అది. గంగాభవాని మోకాళ్ళు ఆ బల్లకు కాళ్ళు కావు. తువ్వాలు వేలాడిపోయింది.

"రావ్ సాబ్, మీ మనిషే కదా. మీ భాషలో చెప్పండి" అన్నాడు తివారీ.

రావ్ సాబ్ అంటే చిన్నారావు. ఇద్దరూ దిగే చరోదాలో గంగాభవాని ఇంటికి రెండు వీధుల అవతల ఇల్లు. వీధిలో కనిపిస్తే "ఏటమ్మా, బాగున్నావా" అంటాడు. రైలెక్కితే ఆమె ఎవరో తెలియదు. ముఠాలో ఒక్కడే తెలుగాయన. తనకూ ఒక రుమాలు పడుతోందన్న సంబరంలో చూపు కొంచెం మందగించింది. ఇప్పుడు ముందుకు వంగి, గొంతు తగ్గించాడు.

"ఏటమ్మా బవానీ, ఇదేటి గోల? లెగు తల్లీ. మనోల పరువు పోతాది."

"నా పేరు గుర్తుందా బాబాయ్? ఆరేళ్ళబట్టి నీ ఎదరే నిల్చున్నాను. మర్సిపోనావనుకున్నాను."

"అది కాదే. పరాయి ఊరు. మనవే సర్దుకోవాల."

"మా తాత ఏసిన పట్టాలు. పరాయి ఊరేటి? సర్దుకోడం అంటే ఏటి, నువ్వు కూకోడం, నాను నిల్చోడమా?"

అని ఊరుకోలేదు. అదే మాట హిందీలో, డబ్బా చివరిదాకా వినపడేలా మళ్ళీ చెప్పింది. తలుపు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వేళ తివారీ సరోనా, ఖారూన్ వంతెన, కుమ్హారి దాటి నిలబడే ప్రయాణం చేశాడు. పాన్ ఉమ్మడానికి కిటికీ కూడా దొరకలేదు.

"ఆళ్ళతో నీకెందుకే? రోజూ ఎక్కాల్సిన బండి" అన్నాడు ఇంట్లో మొగుడు ఈశ్వర్.

"రోజూ ఎక్కాల్సిందే కాబట్టి" అంది ఆమె, పిక్కలకు నూనె రాసుకుంటూ.

మర్నాటి నుంచి ఆమె పేరు రాణీ సాహెబా. "జరగండి జరగండి, రాణీ సాహెబా వేంచేశారు." ఆమె వేంచేసేది, ఏదో ఒక రుమాలు మడిచేది, కూర్చునేది. ఒకరోజు కిటికీ పక్క సీటంతా నీళ్ళు.

"అయ్యో, సీసా ఒలికిపోయింది" అన్నాడు ఆ వేళ ముందే వచ్చి ఎదురుగా కూర్చున్న తివారీ. చిన్నారావు పేపర్లో మొహం దాచుకున్నాడు.

నీళ్ళ పక్కనే ముఠాలో ఇంకొకడు, వర్మాజీ కోసం వేసిన తెల్ల రుమాలు పొడిగా ఉంది. గంగాభవాని దాంతో సీటు ఈ మూల నుంచి ఆ మూలకు శుభ్రంగా తుడిచింది. కిటికీలోంచి పిండింది. నాలుగు మడతలు వేసి తివారీ చేతిలో పెట్టింది.

"వర్మాజీకి ఇవ్వండి. మంచి కాటన్. బాగా పీల్చింది."

ఈసారి నిలబడ్డవాళ్ళందరూ బాహాటంగానే నవ్వారు. ఫ్యాను చూసేవాళ్ళు కూడా.

ఓడిపోయినవాళ్ళు ఊరికే ఉండరు, తమలోకి పిలుస్తారు. వారం తిరక్కుండా, ఆమె ఎక్కేసరికి కిటికీ పక్కన సరికొత్త గులాబీ రుమాలు. పక్క సీటు మీద తివారీ గళ్ళది. తివారీ చాయ్‌కి వెళ్ళాడు. చిన్నారావు లేచి మరీ పిలిచాడు, డబ్బాలో అందరూ వినేలా, మొదటిసారి.

"రా బవానీ, రా! నీ కోసవే ఏసాం. ఇకనుంచి నువ్వూ మా మనిషివే. గొడవ తీరిపోనాది."

గొడవ నిజంగానే తీరిపోయేది. రోజూ కిటికీ, రోజూ గాలి, అడిగేవాడు లేడు. కాళ్ళు కూర్చోమనే అన్నాయి. కానీ ఆ గులాబీ రుమాలుకు ఎదురుగా, ఖాళీ బుట్ట నెత్తినుంచి దించుకుని ఒక కూరగాయల ముసలమ్మ నిలబడి ఉంది. ఫ్యాను చూస్తోంది.

గంగాభవాని గులాబీ రుమాలు తీసి, మడిచి, చిన్నారావు జేబులో దోపింది.

"దాయీ, కూర్చో" అంది, అక్కడివాళ్ళు అమ్మని పిలిచినట్టు.

ముసలమ్మ కదల్లేదు. "ఎవరిదో రుమాలుంది కదమ్మా."

"నాదే. తీసేశాను."

ముసలమ్మ బెదురుతూ అంచు మీద కూర్చుంది. తర్వాత కొంచెం లోపలికి జరిగింది. చిన్నారావు నెత్తి కొట్టుకున్నాడు. "మరి నువ్వేటి సేస్తావే? సేతికొచ్చింది ఒగ్గేసుకున్నావు కదే! ఇక నిల్చో."

"నానెందుకు నిల్చుంటాను బాబాయ్?"

పక్కనున్న గళ్ళ రుమాలు తీసింది. దులిపింది. కూర్చుని, కాళ్ళు చాపుకుని, దాన్ని నాలుగు మడతలు వేసి ఒళ్ళో పెట్టుకుంది. బండి కూత వేసింది. ప్లాట్‌ఫారం మీద తివారీ చాయ్ కప్పు పారేసి పరిగెత్తుకొస్తున్నాడు. వస్తే ఇచ్చెయ్యాలి కదా, ఆయన రుమాలు.